కాపీ ఆవు తిన్న మేత

"మా సంస్థలో జవాబు లేని ప్రశ్న పుట్టదు!"

మదనపల్లెలో కంప్యూటర్ సంస్థ పెట్టిన మునిచంద్ర ఈ మాటను గోడ మీద అడుగెత్తు అక్షరాలతో రాయించాడు. అందులో అబద్ధమేమీ లేదు. ప్రశ్న పుట్టేలోపే ఆయన గది దాటి వెళ్ళిపోయేవాడు.

అది రెండువేల సంవత్సరం. అదే హాల్లో చెక్క అడ్డానికి అవతల వరదరాజులు టైపు నేర్పేవాడు. ఒకప్పుడు హాలంతా ఆయనదే. కంప్యూటర్లొచ్చాక ఆయనకు నాలుగు మిషన్లు, ఒక కిటికీ మిగిలాయి. కిటికీ మిగలడం తక్కువేమీ కాదని భార్య పోయాక ఆయనకు తెలిసొచ్చింది. పొద్దున పదింటికి ఎండ సరిగ్గా ఆయన చేతుల మీద పడేది.

చౌడేపల్లె నుంచి బస్సులో వచ్చే స్వర్ణ 'సి' అనే కంప్యూటర్ భాషలో ఒక ఆట రాస్తోంది. తెర మీద పొట్టి పుంగనూరు ఆవు. మేత వేస్తే ఆకలి తీరాలి, తర్వాత పిండితే పాలు రావాలి. శనివారం కుప్పంలో సంస్థ కొత్త శాఖ ప్రారంభం. పెద్ద అధికారి ఒకరు వచ్చి ఈ ఆవును పిండుతారు. ఆట నడిస్తే అక్కడ పాఠాలు చెప్పే ఉద్యోగం స్వర్ణకు. నడవకపోతే మునిచంద్ర బావమరిదికి. బావమరిదికి కంప్యూటర్ ఆన్ చేయడం వచ్చు. ఆఫ్ చేయడం నేర్చుకుంటున్నాడు.

చిక్కల్లా ఒకటే. ఎంత మేసినా పాలు సున్నా!

"సార్, ఆవు పేరు, ఆకలి, పాలు అన్నీ ఒకే స్ట్రక్చర్‌లో మూట గట్టినా. ఆ మూటను మేతేసే ప్రోగ్రాం ముక్కకు, ఆ ఫంక్షన్‌కు ఇస్తాండా. లోపలుండేంత సేపూ కడుపు నిండుతాండాది. బయటికొస్తే మళ్ళీ ఆకలే!"

మునిచంద్ర కళ్ళు మూసుకున్నాడు. "ఎవురో చెప్పులతో లోపలికొచ్చినారు," అన్నాడు.

చెప్పులు లెక్కబెట్టారు. అన్నీ గడప బయటే ఉన్నాయి. మరునాడు కంప్యూటర్‌ను ఈశాన్యానికి తిప్పించాడు. ఆవు ఈశాన్యం చూస్తూ పస్తులుంది. గురువారం దానికి నిమ్మకాయ కట్టించాడు.

"ఇది వైరస్సు పాపా. మందు బెంగుళూరు నుంచి రావాల!"

మధ్యాహ్నం స్వర్ణ డబ్బా తెరిచి ముద్ద ముట్టకుండా కూర్చుంది. అడ్డం అవతల నుంచి అన్నీ వింటూనే ఉన్న వరదరాజులు తన మజ్జిగ చెంబు ఆమె వైపు జరిపాడు.

"అమ్మా, ఆ ఫంక్షన్‌కు నువ్విచ్చేది ఆవునా, ఆవు నకలునా?"

"ఏమో సార్. యాల అడుగుతాండారు?"

"నేను కార్బన్ పెట్టి రెండు కాగితాలు కొడతా. అడుగు కాగితంలో తప్పు దిద్దితే పై కాగితం మారతాదా?"

"యాడ మారతాది..." స్వర్ణ చేతిలో చెంబు ఆగిపోయింది. "సార్! మేతంతా కాపీ తినేస్తాండాది! అసలు ఆవు యాడుండాదో ఫంక్షన్‌కు అడ్రసు చెప్పాల!"

అడ్రసు చెప్పింది. ఆవు మేసింది. మూడు లీటర్లిచ్చింది! ఆ పూట ఆ పిల్ల డబ్బాలో మెతుకు మిగల్లేదు. వరదరాజులుకు అదే పండగ.

మునిచంద్రకు మాత్రం తల కొట్టేసినట్లయింది. "పెద్దసారు ముందర మూడు లీటర్లా? సంస్థకు మర్యాదుండాదా?" అని, జన్మలో మొదటిసారి తనే ఒక ప్రోగ్రాం రాశాడు. ఏ బటన్ నొక్కినా తెర మీద "పది లీటర్లు" అని పడుతుంది. స్వర్ణ ఫ్లాపీ స్వర్ణ సంచిలోనే ఉండిపోయింది.

శనివారం కుప్పంలో అధికారి దండ తీయకుండానే నేరుగా 'పిండు' నొక్కాడు. పది లీటర్లు! చప్పట్లు!

ముందు వరసలో జయలక్ష్మమ్మ లేచింది. నాలుగు ఆవులు మేపే మనిషి. "మేతే వేయల్యా గదప్పా. పాలు యాడివి?"

స్వర్ణ పక్కన కూర్చున్న వరదరాజులు, జన్మలో ఏ సభలోనూ నోరు తెరవని మనిషి, ఆయన కూడా లేచి నిలబడ్డాడు. "అయ్యా, ఈ పాప రాసిన ఆట ఇంకొకటుండాది. దాన్ని గూడా సూడండి."

ఫ్లాపీ మార్చారు. "ముందు మేతేయాల సార్," అంది స్వర్ణ. "టైం లేదమ్మా," అని అధికారి మళ్ళీ పిండాడు. సున్నా.

"ఆఁ! ఇదీ ఆవంటే!" అంది జయలక్ష్మమ్మ.

అధికారి దీర్ఘంగా ఆలోచించాడు. "ఈ సున్నాను నేను పైకెట్లా పంపేది? మొదటిదే బాగుండాది. మేత ఖర్చు లేదు, దిగుబడి తగ్గదు. మా రిపోర్టులకు సరిగ్గా ఇదే కావాల!"

అక్కడికక్కడే మునిచంద్ర శాఖకు సలహాదారు అయిపోయాడు. బావమరిది సలహాదారుకు సహాయకుడు. ఇద్దరూ అంత ఎత్తుకు ఎదిగిపోతే కుప్పంలో పాఠాలు చెప్పే చిన్న పనికి మనిషేడి? "నువ్వే ఏదో చెప్పుకో పాపా," అని మునిచంద్ర తాళాలు స్వర్ణ చేతిలో పడేశాడు.

వారం తర్వాత వరదరాజులు ఆమె క్లాసు చూడ్డానికి కుప్పం వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాడు. పాఠం మధ్యలో వాకిట్లో సలహాదారు ప్రత్యక్షం!

"జిల్లాలో ఉండే ఆవులన్నిటికీ వేరువేరు లెక్క కావాలంటాండాడు పెద్దసారు," అన్నాడు చెమట తుడుచుకుంటూ. గొంతు తగ్గించాడు. "ఇంతకీ మేడం, స్ట్రక్చరంటే ఏంది?"

స్వర్ణ ముందు బెంచీ చూపించింది. పలక మీద మూట గీసి అందులో ఆవు ఆకలి, పాలు రాసుకుంటున్న జయలక్ష్మమ్మ కొంగు సర్దుకుని పక్కకు జరిగింది.

"కూర్చో నాయనా," అంది. "మొదటి రోజు ఎవురికైనా కష్టంగానే ఉంటాది."