ఆ ‘షీ’ ఎవరు సార్?

ఇంట్లో పెద్దవాళ్ల ముందు ఇంగ్లిష్‌లో మాట్లాడుకోవడం అమర్యాద అని కొందరు గొణుగుతుంటారు. వట్టి అపోహ! అంతకు మించిన మర్యాద ఈ లోకంలో లేదు. ఎదుటి మనిషి మనసు నొప్పించకుండా, ఆ మనిషి ముందే కూర్చుని, ఆ మనిషి గురించే మాట్లాడుకునే సౌకర్యం ఇంకే భాష ఇచ్చింది చెప్పండి?

డాక్టరుగారు రోగి ముందే జూనియర్‌తో ఇంగ్లిష్‌లో అంతా చెప్పేస్తారు. రోగి నిశ్చింతగా సీలింగ్ ఫ్యాను చూస్తుంటాడు. ఎంత ప్రశాంతత! లాడ్ బజార్‌లో భార్యాభర్తలు ‘హి ఈజ్ చీటింగ్’ అనుకుంటారు. గాజులాయన చిరునవ్వుతో గాజులు తుడుస్తూనే ఉంటాడు. ఎంత శాంతి! ఇంత చక్కని లోకవ్యవస్థను పాడుచేయడానికి పుట్టినవాళ్లే స్పోకెన్ ఇంగ్లిష్ మాస్టార్లు.

అలాంటివాడే డానియేలు. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్కన, ఒక టెంట్‌హౌస్ మీది గదిలో అతని ఇన్‌స్టిట్యూట్. కింద షామియానా గుంజలు దించుతున్న చప్పుడు, బయట బస్సుల హారన్లు. వీటి మధ్యే అతను ‘సైలెంట్ లెటర్స్’ గురించి చెప్పాలి!

ఆ వృత్తిలో సుఖాలు లేకపోలేదు. అతని క్లాసుకొచ్చే ఆటో డ్రైవరు ఓదెలు నడిరోడ్డు మీద బండి ఆపి, వెనకాల ఎన్ని హారన్లు మోగినా లెక్కచేయకుండా, సాయంత్రం పూట ‘గుడ్ మార్నింగ్ సార్!’ అని అరుస్తాడు. ఏ యూనివర్సిటీ ప్రొఫెసరుకు దక్కుతుంది ఆ గౌరవం? కష్టాలంటారా, వివేక్ అనే కుర్రాడు చేరిన రోజు నుంచి నోరు విప్పలేదు. ఏమడిగినా తల ఊపుతాడు. అతని తల ఊపడంలో మాత్రం గ్రామర్ తప్పు ఒక్కటీ లేదు.

ఇలా సాఫీగా సాగుతున్న డానియేలు బతుకులోకి సుశీల వచ్చింది.

ఆమె బేగంబజార్ స్టీలు సామాన్ల వ్యాపారి రామలింగం భార్య. యాభై దాటిన మనిషి. బేగంబజార్‌లోనే చేరితే సాయంత్రానికల్లా ఆ వార్త భర్త కొట్టుకు చేరుతుందని, అక్క ఇంటికని చెప్పి బస్సెక్కి ఇంత దూరం వచ్చేది.

‘మై నేమ్ ఈజ్’ దగ్గర మొదలుపెట్టాడు డానియేలు.

“నా పేరు నాకు ఎర్కే సార్. గా పాఠం వద్దు,” అంది సుశీల. “నేను కొన్ని మాటలు పట్టుకొస్త. వాటికి అర్థం చెప్పుండ్రి చాలు.”

కొత్త పద్ధతి! డానియేలుకు ముచ్చటేసింది.

“ ‘నాట్ నౌ, షీ ఈజ్ హియర్’. ఏంది సార్ గిది?”

“ఇప్పుడు వద్దు, ఆమె ఇక్కడే ఉంది.”

“ఆ ‘షీ’ ఎవరు సార్?”

“ఆమె అని. సర్వనామం అమ్మా. ఎవరైనా కావచ్చు.”

“ఎవరైనా గాదు సార్,” అంది సుశీల. “నేనే.”

క్లాసులో ఓదెలు కూడా నవ్వలేదు.

అప్పుడు అసలు సంగతి బయటపడింది. కొడుకు దీక్షిత్, కోడలు స్రవ్య ఇంట్లో మామూలు మాటలన్నీ తెలుగులోనే మాట్లాడతారు. కూర బాగుందనీ, గ్యాసు అయిపోయిందనీ తెలుగులో. అవి కాక ఇంకేవో మాట్లాడాలంటే ఇంగ్లిష్‌లోకి దూకుతారు. మధ్యమధ్యలో ‘మదర్’ అని వినిపిస్తుంది. కోడలు కళ్లు తుడుచుకోవడం కనిపిస్తుంది. “నేనేం పాపం చేసిననో ఒక్కపారి సమజైతే చాలు సార్. తప్పైతే దిద్దుకుంట. కాకపోతే కడిగేస్త!” అంది.

ఇంత బలమైన కారణం ఉన్న విద్యార్థి ఏ మాస్టారుకైనా దొరుకుతుందా? పరీక్ష కోసం చదివేవాళ్లు మర్చిపోతారు. ఉద్యోగం కోసం చదివేవాళ్లు చాలిస్తారు. తన మీద చాడీ చెబుతున్నారేమోనని చదివే మనిషిని ఆపే శక్తి ఏ గ్రామరుకూ లేదు! డానియేలు కూడా ఉత్సాహంగా నేర్పాడు. కొన్ని వాక్యాలకు అర్థం చెబుతున్నప్పుడు మాత్రం కిటికీలోంచి ఫ్లైఓవర్ వైపు చూసేవాడు.

వర్షాకాలం మొదలయ్యేసరికి సుశీలకు సగానికి సగం అర్థమవుతోంది. ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. స్రవ్య మెల్లగా అడిగింది, తనకు వచ్చిన ఉద్యోగం సంగతి ఇంగ్లిష్‌లో. దీక్షిత్ నిట్టూర్చి, “మై మదర్ విల్ నెవర్ అగ్రీ. లీవ్ ఇట్,” అన్నాడు.

పప్పు వడ్డిస్తున్న సుశీల గరిటె అలాగే పట్టుకుని అడిగింది:

“హూ టోల్డ్ నెవర్? యూ ఆస్క్ మీ?”

రామలింగం చేతిలోని అప్పడం విరిగి చారులో పడింది. తనకు తెలియకుండా ఇంట్లోకి ఇంకో ఆడమనిషి ఎవరైనా వచ్చిందేమోనని వెనక్కి తిరిగి చూశాడట పాపం!

తర్వాతి వారం దీక్షిత్ టెంట్‌హౌస్ మెట్లెక్కి వచ్చాడు.

“మా అమ్మకు ఇంగ్లిష్ నేర్పింది మీరేనా?”

“నేనే.” డానియేలు పొంగిపోయాడు, మెచ్చుకోవడానికి వచ్చాడేమోనని.

“ఎంత పని చేసిన్రు సార్! మాది ఉమ్మడి ఇల్లు. ఏ గోడకు చెవి లేదో చెప్పుండ్రి. నాకూ స్రవ్యకూ సొంతంగ ఉన్న ఒక్క రూము ఇంగ్లిష్. దాంట్ల తీస్కొచ్చి మా అమ్మను కూసోబెడ్తిరి!”

ఆ మాటలో నిజముందని డానియేలుకు అనిపించింది. “ఏమైంది బాబూ? కోడల్ని ఉద్యోగానికి పోవద్దన్నదా?”

“లేదు. సోమవారమే చేరింది. అమ్మనే డబ్బా కట్టి పంపుతుంది.”

“మరి లొల్లేంది?”

దీక్షిత్ ముందు బెంచీ మీద కూలబడ్డాడు. “అమ్మ ఒప్పుకోదు, ఒప్పుకోదు అని ఏడాది నుంచి స్రవ్యకు చెప్పుకుంట వచ్చిన సార్. అసలు అమ్మను నేను అడగనే లేదు. స్రవ్య నౌకరికి పోవుడు నాకే ఇష్టం లేకుండె. గా సంగతిప్పుడు ఇద్దరికీ తెలిసిపోయింది. స్రవ్య నాతోని మాట్లాడతలేదు. తెలుగుల లేదు, ఇంగ్లిష్‌ల లేదు.”

తలెత్తి, “ఫ్రెంచ్ గిట్ల నేర్పుతరా సార్?” అన్నాడు.

“నాకు రాదు. వచ్చినా లాభం లేదు బాబూ. రేపో ఎల్లుండో అమ్మగారు గూడ చేరుతరు.”

మరో వారానికి సుశీల జిలేబీ డబ్బాతో వచ్చింది. ఇక క్లాసుకు రానంది.

“ఇంత మంచిగ నేర్చుకుంటున్నరు, ఎందుకమ్మా మానేసుడు?”

“ఇప్పుడు ఇంట్ల అందరు తెలుగే మాట్లాడుతున్నరు సార్. కొట్లాడినా తెలుగులనే. ఇంక ఇంగ్లిష్‌తోని నాకేం పని?”

చూశారా పాఠకులారా! ఒక ఇంగ్లిష్ మాస్టారు ఒక మనిషికి ఇంగ్లిష్ బాగా నేర్పితే జరిగే ఘోరం ఇది. ఆ ఇంట్లో ఇంగ్లిష్ చచ్చిపోయింది! ఇలా ఇంటికొకరు తయారైతే ఈ పాతబస్తీ ఏమైపోవాలి? ఆ గాజులాయన చిరునవ్వు ఏమైపోవాలి?

ఆ సాయంత్రం భోజనాల దగ్గర డానియేలు ఈ కథంతా భార్య సోనీకి చెప్పాడు. సోనీ ఎల్‌కేజీ టీచరు. ఇద్దరికీ అలవాటైన భాష ఇంగ్లిషే. అప్పడం ముచ్చట వచ్చేసరికి సోనీకి పొలమారింది. ఇద్దరూ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వారు.

ఎదురుగా కూర్చుని తింటున్న డానియేలు తల్లి సుందరమ్మ కూడా నవ్వింది. ఎందుకో తెలియకుండానే, వాళ్ల మొహాలు చూసి.

“ఏంది బిడ్డా, గంత నవ్వుతున్నరు?”

“ఏం లేదమ్మా. క్లాసుల ముచ్చట.”

“ఆఁ, మంచిది,” అని సుందరమ్మ మళ్లీ కంచంలోకి చూసుకుంది. ముద్ద కలుపుతూనే ఇంకా కొంచెం నవ్వుతోంది.

డానియేలు చేతిలోని ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాడు. నీళ్లు తాగాడు. సోనీ వైపు చూశాడు. సోనీ అప్పటికే తల దించుకుంది.

“అమ్మా,” అన్నాడు, “బేగంబజార్‌ల సుశీలమ్మ అని ఒకామె ఉన్నది...”

ఈసారి కథ పూర్తి కావడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో అడిగే మనిషి ఉంది మరి!