బావగారి జుట్టు మాత్రలు

అందరికంటే ముందు లేచి, మాత్ర మింగేసి, ఏమీ ఎరగనట్టు కాఫీ తాగాలన్నది ఆ ఉదయం బస్సు డ్రైవరు వేసుకున్న పథకం. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దారిలో మూత్రానికని పదే పదే బస్సు ఆపుతుంటే ప్రయాణికులు గోల చేస్తున్నారు. ఈ సెలవులో ఆపరేషన్ చేయించుకోకపోతే అతను నడిపే దూరం బస్సు ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు మేనేజరు. కత్తి పెట్టినప్పుడు రక్తం ఎక్కువ పోకుండా ముందునుంచే రోజూ వేసుకోమని పట్నం డాక్టరు ఒక మాత్రల డబ్బా ఇచ్చాడు. ఇంట్లో చెప్పడానికి మాత్రం డ్రైవరుకు సిగ్గు అడ్డొచ్చింది.

మూత తీస్తుండగానే అదే ఇంట్లో ఉండే బావమరిది ఊడిపడ్డాడు. యాభై దాటిన ఫోటోగ్రాఫరు. ఎవరి బట్టతలకైనా ఫోటోలో జుట్టు మొలిపిస్తాడు గానీ, తనది అద్దంలా మెరుస్తుంటుంది.

"ఏంటి బావా, దొంగచాటుగా మింగుతున్నావ్?"

ఈ మందు కొందరు జుట్టుకీ వాడతారని డాక్టరు చెప్పిన ముక్క సమయానికి గుర్తొచ్చింది. "జుట్టుకిరా," అనేశాడు.

బావమరిది చూపు డబ్బా మీదే ఉండిపోయింది. సాయంత్రానికి సంగతి అతని అక్క, అంటే డ్రైవరు భార్య చెవిన పడింది.

"ఈ వయసులో జుట్టెవరి కోసమండీ?"

"ఊరికే."

"రాత్రుళ్ళు లేచి లేచి ఎక్కడికెళ్తున్నారు?"

"బాత్రూముకే!"

"ఫోను పట్టుకునా?"

"లైటు కోసమే!"

ఆవిడ మాట్లాడటం మానేసింది. వంటింట్లో గిన్నెలు మాట్లాడటం మొదలుపెట్టాయి. వారాలపాటు ఆ మోత భరించి, ఆపరేషన్ ముందురోజు డ్రైవరు నిజం కక్కేశాడు. ఆవిడ కడుపుబ్బా నవ్వి, ఆపైన చెడామడా తిట్టి, తోడుగా తమ్ముణ్ణి కూడా పట్నం బయల్దేరదీసింది.

"మాత్రలు మానకుండా వేసుకున్నారుగా?" డాక్టరు అడిగాడు.

"ఒక్కపూట మానలేదండి. మొదట్లో చప్పగా ఉండేవి, తర్వాత తియ్యగా బానే ఉన్నాయి."

డాక్టరు తలెత్తాడు. "తియ్యగానా?"

బావమరిది తలుపు వైపు జరిగాడు.

"ఒరేయ్!" అంది అక్క.

"బావకున్న జుట్టు చాలుగా అక్కా! అవి నేను తీసుకుని, నా విటమిన్ బిళ్ళలు పోశాను. అవీ ఒంటికి మంచివే!"

"మీరు మళ్ళీ మొదటినుంచి వేసుకుని రావాలి," అన్నాడు డాక్టరు డ్రైవరుతో. తర్వాత బావమరిది వైపు తిరిగాడు. "జుట్టొచ్చిందా?"

"లేదండీ. రాత్రుళ్ళు లేవడం మాత్రం కాస్త తగ్గింది."

డాక్టరు అతన్ని లోపలికి తీసుకెళ్ళి పరీక్షలన్నీ చేయించాడు. గ్రంథి బావగారిదానికంటే పెద్దది. మాత్రలు సక్రమంగా పడ్డాయి. బావగారికి బదులు ఆపరేషన్ బల్ల మీదికి అతన్నే ఎక్కించారు. రక్తం పెద్దగా పోలేదు. సెలవంతా డ్రైవరు అతని మంచం పక్కనే కాపలా కూర్చున్నాడు.

తిరుగు ప్రయాణానికి దూరం బస్సే ఎక్కారు. నడిపేది కొత్త డ్రైవరు. దారి పొడవునా బస్సు ఆపమని బతిమాలింది ఒకే ఒక్క ప్రయాణికుడు. అతని మీద అందరికంటే గట్టిగా విసుక్కున్నది బావమరిది.