వెన్న శాతం రెండు పాయింటు ఆరు

ఈ భూమ్మీద అబద్ధమాడనివి రెండే రెండు. ఒకటి పాలకేంద్రంలోని వెన్న మిషను, రెండోది ఆ మిషను చెప్పింది రాసుకునే రిజిస్టరు. తక్కిన జీవులన్నీ, ఆవులతో సహా, విచారణకు లోబడి బతకవలసిందే.

ఈ సత్యం నిక్కచ్చి బాబాయికి ఒక మంగళవారం ఉదయం బోధపడింది. ముప్పయ్యేళ్లుగా పాలలో చుక్క నీరు కలపనందుకు జనం ఆయనకు పెట్టిన పేరది. (పాలు తాగేవాళ్లు మెచ్చుకోలుగాను, తోటి పాలవాళ్లు వెటకారంగాను పిలిచేవారు.) ఆ రోజు ఆయన ఎర్రావు పాలు పోయగానే మిషను కాసేపు గుర్రుమని, 2.6 అని చూపించింది. నెల కిందట 4.1 ఉండేది.

నీళ్లు కనిపెట్టే పరికరం కేంద్రంలో లేదు. నాలుగేళ్ల కిందట మరమ్మతుకు వెళ్లింది. (వెళ్లినట్టు సంతకం ఉంది. తిరిగి రావాలని మాత్రం ఎవరూ ఎక్కడా రాయలేదు.) అది వచ్చేదాకా, వెన్న మూడుకు తగ్గితే నీళ్లు కలిపినట్టేనని కేంద్రం ఒక నియమం చేసుకుంది. అలా దొరికినవాళ్లకు నోటీసిచ్చి, తప్పు తేలితే కార్డు రద్దు చేసి, ఫోటో గేటు దగ్గర నల్లబోర్డు మీద అంటిస్తారు. ఆ ఫోటోలను రోజూ పేరుపేరునా చూసి, తృప్తిగా ఇంటికి పోవడం బాబాయికి అలవాటు.

“మీరు కూడానా బాబాయ్,” అన్నాడు ఇన్‌ఛార్జి, నోటీసు ఇస్తూ.

“నీళ్లు కలిపే చెయ్యి కాదిది. మీ నూనె మొదలెట్టాకే ఇలా తగలడింది.”

వెన్న కావాలంటే నూనె పెట్టాలన్న తిరుగులేని తర్కంతో, ఆవుకు రోజూ అర లీటరు వంటనూనె దాణాలో కలపమని కేంద్రమే డబ్బాలు పంచింది.

“ఆ పథకం పేరేంటి బాబాయ్?”

“వెన్న పెంపు పథకం.”

“పేరులోనే పెంపు పెట్టుకుని ఎలా తగ్గిస్తుంది చెప్పండి?”

నోటీసుతోపాటు ఆవు వాంగ్మూలం ఫారం కూడా ఇచ్చారు. అందులో వృత్తి, విద్యార్హత, గిట్ట ముద్ర నింపాలి. తర్వాత కేంద్రం యాప్‌లో ఆవు ముఖం చూపించి రెండుసార్లు కళ్లార్పించాలి. ఎర్రావు ఈగ వాలితే తప్ప కళ్లార్పదు. ఈగ కోసం భార్యాభర్తలిద్దరూ మధ్యాహ్నం దాకా కాచుకున్నారు.

సాయంత్రం పశువుల డాక్టరమ్మ వచ్చి, ఆవును, పేడను, డబ్బాను చూసింది.

“దీని కడుపులో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులుంటాయి బాబాయ్. గడ్డిని అరిగించి పొదుగుకు వెన్న సరుకు అందించేవి అవే. నూనె పోస్తే వాటికి తిక్క రేగుతుంది. అందులోని కొవ్వు ఆమ్లాలను అటు తిప్పి ఇటు తిప్పి, ఇంకో రకం ఆమ్లం చేసి వదులుతాయి. అది రవ్వంత పొదుగు చేరితే చాలు, వెన్న తయారీ ఆగిపోతుంది.”

“అంటే ఆపమని ఆర్డరు వేస్తుందన్నమాట.”

“వేస్తుంది. వెంటనే అమలవుతుంది కూడా.”

(ఆయన ఎరిగినంతలో వెంటనే అమలైన ఆర్డరు అదొక్కటే.)

“మరి మందేంటమ్మా?”

“నూనె మానెయ్యండి, ఎండుగడ్డి దండిగా వెయ్యండి. పది పదిహేను రోజుల్లో మళ్లీ మామూలవుతుంది.”

ఆ మాటే చీటీ మీద రాయించుకుని, నూనె మానేసి, బాబాయి మర్నాడు కేంద్రానికి వెళ్లాడు. ఇన్‌ఛార్జి చీటీని రెండుసార్లు చదివి నియమావళి తీశాడు.

“నోటీసు తర్వాత పదిహేను రోజులు వెన్న అంతే ఉంటే అది ఆవు పుట్టుక లోపం, మీరు నిర్దోషి. పెరిగిందంటే భయపడి నీళ్లు మానేశారని అర్థం. అప్పుడు బోర్డే.”

“నూనె మానేస్తే పెరుగుతుందని డాక్టరమ్మ రాసింది కదయ్యా.”

“రాసింది. అంటే పెరుగుతుందని మీకు ముందే తెలుసు. ఇది ఇంకా పెద్ద కేసు బాబాయ్. మీ మంచికోరి చీటీ తీసుకోవడం లేదు.”

ఎర్రావుకు నియమావళి తెలియదు. అయిదో రోజుకు 2.7 ఇచ్చింది. “పాయింటు ఒకటి తేడా మిషను తప్పని వదిలేస్తాం, ఆపైన నా చేతుల్లో లేదు,” అన్నాడు ఇన్‌ఛార్జి, దయగా.

ఆరో రోజు ఉదయం బాబాయి భార్య పాలక్యాను పక్కన నిండు చెంబు పెట్టింది.

“ఏంటిది?”

“నీళ్లు.”

“కళ్లున్నాయి నాకు. ఎందుకు?”

“నీళ్లు కలపలేదని రుజువు చేసుకోవద్దూ?”

“నా కంఠంలో ప్రాణముండగా కలపను.”

“అయితే నూనె పొయ్యి. నూనెకు దానికి మళ్లీ విరేచనాలు పట్టుకుంటే పేడ నువ్వే ఎత్తు.”

బాబాయి ఆవు వంక చూశాడు. నూనె మొదలెట్టాక ఇన్నాళ్లకు అది సుఖంగా నెమరు వేస్తోంది. ఆయన గోడవైపు తిరిగి చెంబు ఎత్తాడు. చెయ్యి తిరగని పని కావడంతో రెండు చెంబులకు పైనే పడి, మిషను 2.3 చూపించింది. లోపం ముదురుతోందని ఇన్‌ఛార్జి దిగులుపడ్డాడు.

ఇక విద్య నేర్చుకోక తప్పలేదు. బోర్డు మీద మొదటి ఫోటో ఉన్నాయన గుమ్మం ముందు నిలబడి బాబాయి గొంతు సవరించుకున్నాడు.

“ఇన్నాళ్లూ నా ఫోటో చూసి మురిసిపోయావుగా అన్నయ్యా,” అన్నాడాయన, కుర్చీ జరిపి. “కూర్చో. పది లీటర్లకు వెన్న ఎంతుందో చెప్పు.”

గురువు మంచివాడు కావడంతో మిగతా రోజులన్నీ మిషను 2.6 దగ్గర మేకు కొట్టినట్టు నిలిచింది. ఎర్రావు కోలుకుంటున్న కొద్దీ చెంబులు పెరిగాయి, పాల కొలతా పెరిగింది. ఆ కొలత చూసి, పథకం వల్ల దిగుబడి ఒకటిన్నర రెట్లయిందని యాప్ బాబాయికి అభినందనలు పంపింది.

పదహారో రోజు కేంద్రం కమిటీ విచారణకు కూర్చుంది. బాబాయి పాలలో నీరు లేదని, ఎన్నడూ లేదని ధ్రువీకరించి, పత్రం చేతికిచ్చి ఫోటో తీసింది. వెన్న 2.6 దాటనంత కాలమే పత్రం చెల్లుతుందని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

బాబాయి ఇంటికొచ్చి పత్రాన్ని భార్య చేతిలో పెట్టాడు.

“చెంబులు లెక్కపెట్టలేక చస్తున్నాను,” అన్నాడు. “రేపటి నుంచి బిందె పెట్టు.”