చచ్చొస్తానే

శుభమ్మగారి ఇంట్లో చావు నిషేధం. మాటవరసకు కూడా ఎవరూ చావకూడదు. ఆ ఇంటి నిబంధనల్లో ఇది మొదటిది. మిగిలినవన్నీ దీనికి ఉపనిబంధనలు.

ఆ ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. బల్బు మాడిపోదు, విశ్రాంతి తీసుకుంటుంది. ఇక మనుషుల సంగతంటారా, ఆ గుమ్మం దాటి ఇంతవరకు ఎవరూ వెళ్ళిన దాఖలా లేదు. అందరూ వెళ్ళొచ్చినవాళ్ళే. కుళాయి బాగుచేసినాయన పొరపాటున "వెళ్తానమ్మా" అన్నందుకు వెనక్కి పిలిపించి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "వెళ్ళొస్తానమ్మా" అనిపించి మరీ సాగనంపారు. ఆవిడ వాక్కు మహిమ ఎలాంటిదంటే కుళాయి మర్నాడే మళ్ళీ కారింది, ఆయన మళ్ళీ వచ్చాడు. పాత ఫ్రిజ్ కొనుక్కున్న పాతసామాన్లాయన మాత్రం, "తీసుకెళ్ళొస్తానని చెప్పు నాయనా" అనేసరికి హడలిపోయాడు. "మళ్ళీ తేవాలా అమ్మా?" అని అడిగి, అక్కర్లేదని గట్టిగా చెప్పించుకున్నాకే బండి కదిలించాడు.

ఆవిడకు అసలు పేరంటూ ఏదో ఉంది. వీధి దాన్ని ఎప్పుడో రద్దుచేసి, శుభమ్మ అని ఖరారు చేసింది.

నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. ఆవిడ చిన్నప్పుడు ఆవిడ అన్న చెప్పులేసుకుంటూ "పోతున్నానే" అని పోయాడు. మళ్ళీ రాలేదు. ఆ మాటలో తప్పు దొరికింది కాబట్టి ఆవిడ కొంత నిలదొక్కుకున్నారు. తప్పంటూ దొరక్కపోతే, మనిషి ఎందుకు రాలేదని ఎవరిని పట్టుకుని అడగాలి?

భర్త ఒక పెద్ద ఆఫీసులో హెడ్ క్లర్కు. అందరికీ హెడ్డుగారు. ఇంట్లో ఆయన వాడే భాషలో ఒకే ఒక్క అక్షరం ఉండేది: ఊఁ. కాఫీ కావాలన్నా ఊఁ, చాలన్నా ఊఁ. రాగభేదాన్ని బట్టి శుభమ్మగారే గ్రహించుకునేవారు.

ఆయన పదవీ విరమణ సభలో పై అధికారి, "హెడ్డుగారు లేని లోటు ఈ ఆఫీసుకు ఎన్నటికీ తీరదు" అని గొంతు బొంగురుపోయేలా ప్రసంగించారు. మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా లేరంటారేమిటని శుభమ్మగారు ముందు వరసలో గుడ్లురిమారు. ఎన్నటికీ తీరని ఆ లోటు మర్నాడు ఆఫీసు తెరిచేసరికి తీరిపోయింది. కొత్తాయన కుర్చీలో సర్దుకుని, ఫ్యాను తన వైపు తిప్పుకున్నాడు.

అదే నెలలో హెడ్డుగారి గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవటం లేదని తేలింది. ఏ తలుపూ సరిగా మూసుకోని ఆఫీసులో అన్నేళ్ళు పనిచేసిన మనిషికి ఇది వింతేమీ కాదు. ఒంట్లో చక్కెర అదుపులోకి రాగానే ఆపరేషను చేస్తామనీ, ఈలోగా మనసుకు నచ్చిన పనేదైనా చేస్తూ సంతోషంగా ఉండమనీ డాక్టరుగారు చెప్పారు.

విరమణ చేసిన మనిషి మనసుకు ఏ పనులు నచ్చాలో మనలో ముందే నిర్ణయమై ఉంది. పార్కులో నలుగురితో కూర్చుని రోగాలు చర్చించడం, పేపరు చివరి పేజీలో తెలిసినవాళ్ళ ఫొటోలు వెతుక్కోవడం, కుర్రకారు చెడిపోయిందని తీర్మానించడం. హెడ్డుగారు వీటిని పరిశీలించి తిరస్కరించారు. "నేనొక కంప్యూటరు సొంతంగా తయారుచేసుకుని, దాంట్లో ఆటలాడుకుంటాను" అన్నారు. కాపురానికి వచ్చాక ఆయన నోట విన్న మొదటి పూర్తి వాక్యం అదే కావడంతో, శుభమ్మగారు అందులోని విషయం వినలేదు, మాటల్ని విన్నారు. "అలాగేనండీ" అన్నారు.

సామాన్లు ఒక్కొక్కటిగా రాసాగాయి. ముందుగా పెట్టె వచ్చింది. వాళ్ళ పరిభాషలో దాన్ని కేసు అంటారు. తెచ్చినతను గేటు దగ్గర నిలబడి, "హెడ్డుగారూ, మీ కేసొచ్చిందండీ!" అని కేకేశాడు. పక్కింటావిడ ఆ కబురును వీధి చివరిదాకా క్షేమంగా చేరవేసింది. సాయంత్రానికి పరామర్శకు జనం వచ్చారు. "ఇన్నేళ్ళు మచ్చ లేకుండా చేసి, ఆఖర్లో కేసేమిటండీ!" అని తృప్తిగా బాధపడ్డారు. గాజు పలకల పెట్టె చూపించాక వాళ్ళ మొహాల్లో కనిపించిన నిరాశ, ఏ సంతాప సభలోనూ కనిపించేది కాదు.

తర్వాత మదర్ బోర్డు వచ్చింది. తల్లి అన్న మాట వినబడగానే శుభమ్మగారు భోజనాల బల్ల తుడిచి, ఉతికిన దుప్పటి పరిచారు. హెడ్డుగారు ఒంట్లోని కరెంటు దిగిపోవడానికి ఇనప కుర్చీని ముట్టుకుని, సూచనల పుస్తకాన్ని సర్క్యులర్‌లా పైకి చదువుకుంటూ, ఒక్కో భాగాన్నీ దాని స్థానంలో నియమించారు. వైర్లు చిందరవందరగా ఉండటం ఆయన శిక్షణకు విరుద్ధం. కాబట్టి వాటిని కట్టలుగా విభజించి, ఫైళ్ళకు కట్టే ఎర్ర నాడాలతో బిగించారు. అన్నీ అయ్యాక మీట నొక్కితే కదల్లేదు. ఎర్ర నాడా పడ్డాక ఏదీ వెంటనే కదలదని ఆయనకు తెలుసు కనుక కంగారు పడలేదు. వెనకవైపు ఇంకో మీట ఉందని మధ్యాహ్నానికి కనిపెట్టారు.

అప్పుడు ఫ్యాన్లు తిరిగాయి. ఎరుపు, పచ్చ, నీలం రంగులు గదంతా పాకాయి. హెడ్డుగారు నవ్వారు. ఆయనకు ఎడమ బుగ్గన సొట్ట పడుతుందని శుభమ్మగారికి అప్పుడే తెలిసింది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, పని లేకపోయినా కాసేపు అక్కడ నిలబడి వచ్చారు.

కొన్నాళ్ళకు ఆయన, "మెమరీ నిండిందే" అన్నారు.

"అయ్యో, నిండుకుందా! ఇంట్లో ఉండాల్సింది ఉండొద్దూ? వెంటనే తెప్పించండి."

తెప్పించారు. భార్యాభర్తలు ఒకరినొకరు ఇంత సంపూర్ణంగా అర్థం చేసుకున్న సందర్భం ఆ కాపురంలో మరొకటి లేదు.

అసలు ఉపద్రవం ఆట మొదలయ్యాక వచ్చింది. అది జట్లుగా తుపాకులు పట్టుకుని ఒకరినొకరు కాల్చుకునే ఆట. చచ్చినవాడు కాసేపాగి మళ్ళీ లేచి వస్తాడు. చెవులకు డిప్పలు తగిలించుకుని కూర్చున్న హెడ్డుగారు ఇల్లదిరేలా, "చచ్చాను!" అన్నారు.

వంటింట్లో గ్లాసు పడింది. శుభమ్మగారు వచ్చి చూస్తే మనిషి నిక్షేపంగా ఉన్నారు.

"ఏమన్నారిప్పుడు?"

"చచ్చాను. మళ్ళీ లేస్తాలే."

"నా ఇంట్లోనా?"

అదేరోజు చర్చలు జరిగాయి. ఆట మానరాదనీ, అశుభం పలకరాదనీ ఇరుపక్షాలూ అంగీకరించాయి. ఇకపై చచ్చినప్పుడల్లా హెడ్డుగారు "నిండుకున్నాను" అనాలని తీర్మానమైంది. అమలు తీరు వినడానికి ఆవిడ పక్కన కుర్చీ వేసుకున్నారు. డిప్పలు తీసేసి స్పీకర్లు పెట్టారు.

"బాబాయ్! హెడ్డు బాబాయ్! ఎక్కడున్నారు?" అని జట్టులో ఆడుతున్న ఒక కుర్రాడు ఎక్కడి నుంచో స్పీకర్లో అరిచాడు.

"నిండుకున్నాను."

"భోంచేశారా బాబాయ్? ఇప్పుడా తినేది? ముందు నా వెనక కాయండి!"

"అది కాదు నాయనా, నేను నిండుకున్నాను."

"సరే, అరిగాక రండి కానీ... అయ్యో! అయ్యయ్యో!"

బాబాయి వెనక కాస్తున్నారన్న ధీమాతో జట్టు జట్టంతా నిండుకుంది.

శుభమ్మగారు న్యాయం తెలిసిన మనిషి. పసివాళ్ళు తన మాటవల్ల ఓడిపోయారని ఆవిడ మనసు కలుక్కుమంది. నిబంధనను సవరించారు. వెళ్ళడానికి తోక తగిలిస్తే వెళ్ళిరావడం అయినట్టు, చావుకూ తోక తగిలించవచ్చు. చచ్చొస్తాను. చివర 'వస్తాను' ఉన్నంతవరకు ముందు ఏమున్నా అభ్యంతరం లేదు.

అప్పట్నుంచి ఆ ఇల్లు చచ్చి రావడాలతో కళకళలాడింది. ఊఁ అనే అక్షరం వాడుకలోంచి తప్పుకుంది. ఎవరు ఎలా చంపారో, తానెలా లేచారో హెడ్డుగారు అన్నం ముందు చేతులూపుతూ చెప్పేవారు. ఆవిడ చెంపకు చెయ్యి ఆనించుకుని వినేవారు. ఏం చెబుతున్నారో సగం అర్థమయ్యేది కాదు. చెబుతున్నారు, అదే పదివేలు.

"ఏమండీ, చచ్చారా?" అని వంటింట్లోంచి అడిగేవారు.

"ఇంకా లేదే! ఒక్క నిమిషం!"

"త్వరగా చచ్చి రండి. కూర చల్లారిపోతోంది."

గోడకు అవతల పక్కింటావిడ చెవులు మూసుకుంది. ఎలా మూసుకుందో గాని, ఒక్క మాట కూడా పొల్లుపోకుండా వీధికి చెప్పగలిగింది.

విషయం హెడ్డుగారి అన్నగారి దాకా వెళ్ళింది. శుభమ్మగారికి ఆయన బావగారు. ఆ కుటుంబంలో పుట్టిన ప్రతి సమస్యకూ అధ్యక్షులు. అల్లుణ్ణి వెంటబెట్టుకుని, పేకాట క్లబ్బు నుంచి నేరుగా విచ్చేశారు.

"తమ్ముడూ! ఆటలు పిల్లలకు, బరువులు పెద్దలకు, విశ్రాంతి ముసలివాళ్ళకు అని మన పెద్దలు ఏనాడో విభజించారు. మన వంశంలో ఇంతవరకు ఎవరూ ఆడలేదు. ఆడలేదు కనుక ఓడలేదు. అదీ మన పరువు!" అన్నారు.

"మరి మీ పేకాటో అన్నయ్యా?"

"అది ఆట కాదు, కాలక్షేపం. అందులో ఎవరూ చావరు."

నిజమే. కాపురాలు పోతాయి గాని మనుషులు చావరు.

ఆయన ప్రసంగిస్తున్నంతసేపూ అల్లుడుగారు గాజు పెట్టె ముందు భక్తిగా నిలబడ్డారు. అందులో గ్రాఫిక్స్ కార్డని ఒకటుంది. తెరమీద బొమ్మ కదలడానికి అదే ఆధారం. "చిన్నమామయ్యా, ఇలాంటి కార్డు ఇప్పుడు ఎక్కడా దొరకటం లేదండీ" అని ఆ యువకుడు నిట్టూర్చాడు. హెడ్డుగారికి పిల్లల్లేరు. అలాంటి ఇంటికి అందరూ వారసులే.

ఆపరేషను రోజు వచ్చింది.

ఆసుపత్రి వరండాలో బంధువులు సందర్భానికి తగిన మొహాలతో బారులు తీరారు. అందరూ మంచి మాటలే మాట్లాడారు. "ఏమీ కాదు" అని ఒకరి తర్వాత ఒకరు చెప్పగా చెప్పగా, ఏదో అవుతుందని శుభమ్మగారికి నమ్మకం కుదిరింది. అన్న చెప్పులేసుకున్న చప్పుడు చెవుల్లో ఆగటం లేదు.

చక్రాల మంచం తలుపు దగ్గర ఆగింది. హెడ్డుగారి పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆయన కూడా భయపడుతున్నారు. ఆవిడ చెయ్యి పట్టుకుని, తనకు బాగా అలవాటైన మాట అన్నారు:

"చచ్చొస్తానే."

వరండా నిర్ఘాంతపోయింది. ఎవరో చెవులు మూసుకున్నారు. "సమయానికి ఇదా మాట! ఆ దిక్కుమాలిన పెట్టె నేర్పిన సంస్కారం!" అని బావగారు నుదురు కొట్టుకున్నారు.

శుభమ్మగారి చెవుల్లో ఆ చెప్పుల చప్పుడు ఆగింది. ఇన్నాళ్ళూ ఇంట్లో ఈ మాట వింటూనే ఉన్నారు. ప్రతిసారీ మనిషి వస్తూనే ఉన్నాడు.

"రండి" అన్నారు. "ఇక్కడే కూర్చుంటాను."

తలుపు మూసుకుంది. ఆవిడ కూర్చున్నారు. బావగారు వరండా చివరికి వెళ్ళి, పెదాలు కదుపుతూ ఏదో వల్లె వేయసాగారు. గాలి ఇటు తిరిగినప్పుడు "తీరని లోటు" అన్న ముక్క వినబడింది. ఇంటి మీద కన్నేసి ఉంటానని చెప్పి అల్లుడుగారు తాళాలు తీసుకుని బయల్దేరారు. "వెళ్ళొస్తాను చిన్నత్తయ్యా" అని నిబంధన ప్రకారమే సెలవు తీసుకున్నారు.

చాలాసేపటికి డాక్టరుగారు వచ్చి, అంతా బాగా జరిగిందన్నారు. బంధువులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పోయిన మనిషి గురించి ఏమనాలో మనలో అందరికీ కంఠతా వచ్చు. తిరిగొచ్చిన మనిషికి ఏం చెప్పాలో ఎవరికీ తట్టలేదు. అంత కష్టపడి తయారుచేసిన ప్రసంగం నోట్లోనే ఉండిపోగా బావగారు, "అంటే... ఇక పరవాలేదన్నమాట" అన్నారు. ఆ గొంతులో అభియోగం ఉంది.

హెడ్డుగారు ఇల్లు చేరి, కొన్నాళ్ళకు కుర్చీలో కూర్చోగలిగారు. మీట నొక్కారు. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగా ఉంది. గాజులోంచి చూస్తే కార్డు ఉండాల్సిన చోట ఖాళీ. దాని వైరును ఎర్ర నాడాతో ఎవరో మర్యాదగా కట్టి పెట్టారు.

"ఊఁ" అన్నారు హెడ్డుగారు.

ఆ ఒక్క అక్షరం వినగానే శుభమ్మగారు అల్లుడి నంబరు వెతికారు. ఫోనందుకున్నారు.

"ఊరికే పడి ఉంటే పాడవుతుందని తెచ్చానత్తయ్యా" అన్నాడు అల్లుడు. "అయినా ఈ పరిస్థితిలో మామయ్యకు ఆటలెందుకండీ? మనసు పై లోకం మీద పెట్టుకుంటే..."

"పై లోకం పనులు నువ్వు చూసుకో నాయనా. కార్డు పట్రా. లేకపోతే కుట్లతోనే ఆయన్ని టాక్సీలో ఎక్కించి మీ గుమ్మంలో దించుతాను. మీ వీధికి నువ్వే చెప్పుకో."

కార్డు వచ్చింది. యువకుడు దాన్ని స్వస్థానంలో బిగించి, చేతులు దులుపుకుని, గుమ్మం దగ్గర ఎప్పటిలా వినయంగా వంగాడు.

"వెళ్ళొస్తానత్తయ్యా."

శుభమ్మగారు అతనివైపు చూశారు. ఆపరేషనుకు ముందు ఎంతమంది ఆ మాట అన్నారో, ఆయన ఇల్లు చేరాక చూడటానికి ఎంతమంది గేటు తీశారో ఆవిడకు తెలుసు.

"వెళ్ళు" అన్నారు.

అతను ఆ తోక కోసం కాసేపు నిలబడ్డాడు. అది రాలేదు. లోపల్నుంచి మాత్రం "చచ్చొస్తానే!" అని కేక వినబడింది.

"చచ్చి రండి!" అన్నారావిడ, తలుపు వేస్తూ.

ఇంటికొచ్చిన అల్లుణ్ణి పొమ్మని, కట్టుకున్న మొగుణ్ణి చావమంది కాబట్టి, ఆవిడ నోరు పూర్తిగా చెడిపోయిందని వీధి తీర్మానించింది. వీధిలో శుభమైన మాటలకు ఇప్పటికీ కొదవ లేదు. ఆ ఇంటివైపు చూస్తూ, ఒకసారి వెళ్ళిరావాలని అందరూ అనుకుంటూనే ఉన్నారు. మీరూ అనుకుంటున్నారు కదూ? చివరిసారి ఆ గేటు దాటుతూ ఏమని వచ్చారో గుర్తుందా?