యంత్రానికి మతిపోయింది

పాత ఫోన్లు, కంప్యూటర్లు విప్పే వీధిలో పిల్లల రక్తంలో సీసం చేరిందన్న దుష్ప్రచారానికి తెరపడిందని తెలియజేయడానికి ఆరోగ్య శాఖ మిక్కిలి సంతోషిస్తోంది. సంతోషించాల్సిందే. ఇంత తక్కువ శ్రమతో ఇంత పెద్ద జబ్బు నయమవడం ఎక్కడా లేదు.

ఆ వీధిలో ప్రతి ఇంటికీ ఒకటే పొయ్యి. వంటయ్యాక దాని మీద పెనం పెట్టి, మనం పారేసిన ఫోన్ల బోర్డులు కాలుస్తారు. అతుకుల్లోని సీసం కరిగి, అమ్ముడుపోయే ముక్కలు ఊడివస్తాయి. పొగ పిల్లల వాటా. మన ఇళ్ళు ఇంత శుభ్రంగా ఉన్నాయంటే ఆ పొయ్యిల చలవే.

అక్కడ ఒక తల్లికి ఆరేళ్ల కూతురుంది. నిన్న గడగడా చెప్పిన పాఠం ఇవాళ మరిచిపోతోంది, ఊరికే కడుపునొప్పి అంటోంది. పంతులమ్మ దానికి బద్ధకమని పేరు పెట్టింది. తల్లి, వైద్య శిబిరం పెట్టారని తెలియగానే అందరికంటే ముందు వచ్చి నిలబడింది.

అధికారిగారు సీసం కొలిచే యంత్రం తెచ్చారు. పాప వేలి నుంచి రక్తపు చుక్క తీసి పెడితే, కొలవలేనంత ఎక్కువని చూపించింది. పక్కింటి పిల్లాడికీ అంతే. వీధి మొత్తానికీ అదే పాట. అధికారిగారు ఊరికే పెద్దవారు కాలేదు. వెంటనే సొంత కొడుకును కారులో రప్పించి పరీక్ష చేయించారు. యంత్రం బుద్ధిగా, అంతా బాగుందని చూపించింది.

"చూశారా! ఓసారి పనిచేస్తుంది, ఓసారి చెయ్యదు. పేదల పిల్లల మీద నోటికొచ్చినట్టు వాగే యంత్రాన్ని మా శాఖ ఒక్క క్షణం కూడా సహించదు!" అన్నారాయన. చప్పట్లు మోగాయి.

"మరి మా పాప సంగతేంటి సార్?" అంది తల్లి.

"చెడిపోయింది యంత్రం తల్లీ, నీ పాప కాదు. నిశ్చింతగా ఇంటికెళ్ళు."

ఆమె కళ్ళు తుడుచుకుని దండం పెట్టింది.

చెడిన యంత్రాన్ని పర్యావరణానికి హాని కలగకుండా వదిలించుకోవాలని శాఖ తీర్మానించింది. అందులో అనుభవమున్న వీధి ఊళ్ళో ఒక్కటే. వారం తిరక్కుండా అది ఆ తల్లి పెనం మీదికే వచ్చింది. పాప పక్కనే కూర్చుని ఊడిన ముక్కలు ఏరింది.

సంగతి తెలిసి మనందరి మనసులూ కరిగాయి. వీధికి కొత్త యంత్రం కావాలని ఫోన్లలో అర్జీ తిప్పాం. పాత ఫోన్లో సంతకం పెట్టడం ఆలస్యమవుతోందని, మనలో మరీ దయగలవాళ్ళు కొత్తవి కొన్నారు. మీరూ కొన్నారు కదా. మీ పాతది ఆ పాప ఒళ్ళోనే ఉంది. నిక్షేపంగా పనిచేస్తోంది. పాపే లేవలేకపోతోంది.