తల్లిపురుగులకు చలి తగలరాదు

మొక్కజొన్న పురుగును నిర్మూలించడానికి ఏర్పడిన మా శాఖ, పోయిన చలికాలంలో ఒక్క పురుగు కూడా చావకుండా కాపాడి, ఉత్తమ శాఖగా అవార్డు అందుకుందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.

తెలియనివారికి మనవి. పురుగు బతుకులో నాలుగు దశలున్నాయి గనుక మా దగ్గర నాలుగు విభాగాలున్నాయి: గుడ్డు, లార్వా, ప్యూపా, చివరగా రెక్కలొచ్చిన తల్లిపురుగు. ఏ దశ ఎంత చలికి తట్టుకుంటుందో కనిపెట్టమని ప్రభుత్వం ఆదేశించింది. చలికి దానంతటదే చచ్చే దశకు మళ్ళీ ఆఫీసరెందుకని, ఆ విభాగాన్ని ఎత్తేస్తామని ఆదేశం అడుగున ఒక ముక్క ఉంది. మా ఆఫీసర్లు ఆ ముక్కే ముందు చదివారు.

దాంతో పురుగుల దశ తిరిగింది. గుడ్ల ఆఫీసరు పొదిగే కోడిలా కుర్చీ దిగడం మానేశాడు. లార్వా ఆఫీసరు లేత ఆకులు ఏరి, "తినమ్మా, బంగారు కదూ" అని బతిమాలుతూ కూర్చున్నాడు. ప్యూపా ఆఫీసరుకు మాత్రం చీకూచింతా లేదు. ప్యూపా తినదు, కదలదు, మట్టిలో ముడుచుకుని ఎంత చలినైనా దాటేస్తుంది. ఆయన కూడా అదే పద్ధతిలో ఎందరో మంత్రుల్ని దాటాడు.

ఎటొచ్చీ తల్లిపురుగుల ఆఫీసరుకే ప్రాణం మీదకొచ్చింది. చలిగాలి సోకితే చాలు, తల్లిపురుగు రాలిపోతుంది. వెనకే ఆయన ఉద్యోగమూ రాలిపోతుంది. అందుకని వాటిని డబ్బాల్లో ఇంటికి తెచ్చి, పడకగదిలో హీటరు వేసి పెట్టి, తాను హాల్లో వణుకుతూ పడుకున్నాడు.

"ఏమండీ, అవి బతికితే మా తమ్ముడి మొక్కజొన్న ఏం కావాలి? వాడికున్నది ఆ ఒక్క చేనే" అంది భార్య.

"అవి చస్తే మనమేం తినాలి?"

ఆవిడ మూతి ముడుచుకుని లోపలికెళ్ళింది. తిరిగొచ్చి తన ఉన్ని శాలువా డబ్బాల మీద కప్పింది.

అవార్డు సభలో మా డైరెక్టరు మైకు దగ్గరకు లాక్కున్నాడు. "ఇంత మొండి పురుగు ఏ దేశానికీ లేదు. వీటిని చంపే భాగ్యాన్ని రాబోయే తరాలకు కూడా మిగిల్చాం!" చప్పట్లు మోగాయి. ప్రభుత్వ ఆస్తిని ఇంట్లో ఉంచుకోవడం నేరం గనుక, మర్నాడే మా ఆఫీసరు పడకగది కిటికీ తెరిచి పురుగుల్ని వదిలేశాడు. అవి తిన్నగా బావమరిది చేనుకే వెళ్ళాయి. దారి ఎవరు చెప్పారన్నదానిపై విచారణ జరుగుతోంది.

కొన్నాళ్ళకు ఆ బావమరిది ఆఫీసులోకి దూసుకొచ్చి, నాలుగు కంకులు టేబులు మీద విసిరికొట్టాడు. గింజలుండాల్సిన చోట పురుగులున్నాయి.

"కొంప ముంచావు కదా బావా! చేనంతా తినేశాయి. పైగా అక్క వీటికి శాలువా కప్పిందట! నాకెప్పుడన్నా కప్పిందా?"

ఆఫీసరుకు నిజంగానే కళ్ళనీళ్ళొచ్చాయి. బావమరిదంటే ఆయనకు ప్రాణం. ముక్కు చీదుకుని, తలుపు దగ్గరగా వేశాడు.

"ఒరేయ్, ముందు కూర్చో. పురుగు పెరిగింది కాబట్టి శాఖ పెరుగుతోంది. నష్టాలు చూడ్డానికి ఐదో విభాగం పెడుతున్నారు. అనుభవం ఉన్నవాళ్ళకే ఉద్యోగం."

బావమరిది కోపం మధ్యలో ఆగింది. ఒక కంకి అందుకుని ఇటూ అటూ తిప్పి చూశాడు. టేబులు మీద పాకిపోతున్న పురుగును రెండు వేళ్ళతో సుతారంగా పట్టి, మళ్ళీ కంకి మీదకు ఎక్కించాడు.

"పర్మినెంటు కావాలంటే ఇంకా ఎంత పంట పోవాలి బావా?"

ఈ ఏడు అతను చేను దున్నలేదు. దున్నితే మట్టిలో ఉన్న ప్యూపాలు పైకొచ్చి చలికి చస్తాయి. పక్క చేలవాళ్ళు మొదట విరగబడి నవ్వారు. ఇప్పుడు వాళ్ళూ నాగళ్ళు మూలన పడేసి, అర్జీలతో మా గేటు ముందు నిలబడ్డారు. నవ్వుతున్న పాఠకులు కూడా, నవ్వడం అయ్యాక, వచ్చి వరుసలో నిలబడవచ్చు. మీ బంధువులు ఎప్పుడో వచ్చి ముందు నిలబడ్డారు.