ఒకటో నంబర్ ఎవరిది

కొత్తగా నెట్ పెట్టించుకునే అపార్ట్‌మెంట్ల వారి సౌకర్యార్థం, పటమటలో మా అపార్ట్‌మెంట్ అనుభవం ఇందుమూలంగా తెలియజేస్తున్నాం.

ముందు రౌటర్. బయట్నుంచి వచ్చే నెట్‌ని ఇంటింటికీ పంచే డబ్బా అది. ఎవరిది ఎవరికి పంపాలో తెలియాలి కాబట్టి ప్రతి ఫోన్‌కీ, టీవీకీ ఒక నంబర్ ఉండాలి. అదే ఐపీ అడ్రస్. వదిలేస్తే ఆ నంబర్లు డబ్బానే ఇచ్చుకుంటుంది. కానీ కారు నంబర్ కోసం వేలంపాటకెళ్లే ఊళ్లో, డబ్బా ఇచ్చిన నంబర్ ఎవరు తీసుకుంటారండీ? జనరల్ బాడీ పెట్టి మేమే పంచుకున్నాం. కూడితే తొమ్మిదొచ్చేవి టీ వచ్చేలోపే అయిపోయాయి. పదమూడు వద్దని తెరేసమ్మ గారు, ఎనిమిది వద్దని మిగతా అందరూ రాతపూర్వకంగా తెలిపారు. కూడితే ఎనిమిదయ్యే ఇరవయ్యారుని ఎవరూ ముట్టుకోకపోతే, తెరేసమ్మ గారమ్మాయి వినీల "నాకేదైనా ఒకటేనండి" అని తీసుకుంది. ఆ పిల్ల మీద అందరం జాలిపడ్డాం. మర్నాడే ఆన్‌లైన్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ పాపం.

ప్రెసిడెంట్ ఆదిశేషయ్య గారు, బట్టల షాపు ఓనరు, సహజంగానే తన టీవీకి ఒకటో నంబర్ పెట్టించుకున్నారు. ఒకటేమో అప్పటికే రౌటర్‌ది. ఒకే నంబర్ ఇద్దరికుంటే ఏది ఎవరికి పోవాలో తెలీక నెట్ నిలబడిపోతుంది, దాన్ని ఐపీ కాన్‌ఫ్లిక్ట్ అంటారు. మర్నాడు పొద్దున్నే ఆయన టీవీ ఆన్ చేశారు, బిల్డింగంతా నెట్ పోయింది. ఫోన్ సిగ్నలా, అది గేటు దాటి లోపలికి రాదు. కమిటీ అత్యవసరంగా సమావేశమై, దీనంతటికీ కారణం వినీల ఇరవయ్యారేనని ఏకగ్రీవంగా తేల్చింది.

ఇంటర్వ్యూ ఇంకో అరగంటలో. వినీల ఆయన ఫ్లాట్‌కి పరుగెత్తింది.

"అంకుల్, ఆ ఒకటి రౌటర్‌దండి. వదిలెయ్యండి."

"పదవిలో ఉన్నంతకాలం ఒకటి నాదేనమ్మా. రౌటర్‌ని రెండు తీసుకోమను."

వినీల గుమ్మంలో ఒక్క క్షణం ఆలోచించింది. "రౌటర్ చేసే పనిని గేట్‌వే అంటారంకుల్. వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ చూసుకుంటూ గేటు దగ్గర కూర్చోవడం. మన వాచ్‌మన్ శౌరయ్య లాగా. అది వాచ్‌మన్ నంబరండి."

ఆదిశేషయ్య గారు టీవీ ప్లగ్గు స్వయంగా పీకేశారు.

నెట్ వచ్చింది, వినీలకి ఉద్యోగమూ వచ్చింది. సన్మాన సభలో ఆయన "పిల్లల భవిష్యత్తు కోసం ప్రథమ స్థానాన్నే త్యజించాను" అని సెలవిచ్చారు. శాలువా కూడా ఆయనకే కప్పాం.

ఉద్యోగంలో చేరడానికి వెళ్తూ వినీల, తన ఇరవయ్యారుని శౌరయ్య ఫోన్‌కి ఇమ్మంది. కమిటీ ఒప్పుకోలేదు. అసలే లేనివాడు, అలాంటి నంబర్ ఎలా అంటగడతామని వాళ్ల బాధ. నంబర్లు ఇంకా రెండొందల పైనే ఖాళీగా ఉన్నాయి. మంచిది చూసి ఇస్తారట.

నవ్వుతున్నారు కదా, నవ్వండి. మీ వైఫై పాస్‌వర్డ్ మీ వాచ్‌మన్‌కి తెలుసా అండీ?